విజయశ్రీ ఫోల్డరు తెరచుకొన్న విధము

తపతీతీర విరాజమానమై, మగ్గముల టకటకలలో పక్కవాని మాట పక్కవానికి వినబడని సూరత్ మహానగరమునందు, ఉధ్నా స్టేషనుకు ఆవల, ఆటోలు ఒకదానినొకటి ఒరసికొని పోవు ఇరుకు సందులో, దినేశ్‌భాయి సేఠు గారి చీరల కార్ఖానాలో, ఒకానొక శనివారపు అపరాహ్ణమున, టీ వచ్చి చల్లారుచున్న శుభలగ్నమందు జరిగిన ఘోర సంగ్రామమును చెప్పెదను, వినుడు. తప్పించుకొనదలచినవారు ఇప్పుడే లేచిపోవుడు. నడుమ లేచినచో నాకు కోపము వచ్చును.

ఆ కార్ఖానాకు రెండంతస్తులు. పైన, చీరల డిజైన్లు గీయు విండోస్ కంప్యూటర్లు, సేఠు గారి కుమారుడు కొనితెచ్చి ఎవ్వరిని ముట్టనీయని మ్యాక్ ఒకటి. కింద, జకార్డు మగ్గములు, వానికి డిజైను అందించు లినక్స్ కంప్యూటరు. మూడును మూడు జాతులు. ఒకదానితో నొకటికి పలుకరింపులు లేవు. పైన గీసినది కిందికి చేరవలెనన్న పెన్‌డ్రైవే గతి. ఆ పెన్‌డ్రైవులతో పాటు వైరసులును నిత్యము మెట్లు దిగుచు, ఎక్కుచు, ఆరోగ్యముగా వర్ధిల్లుచుండెను.

అట్టి దుర్దినములయందు వెలసెను ఉమాకాంత్! కేబుల్‌గ్రంథి విచ్ఛేదకుడు, రీస్టార్ట్ మంత్రోపాసకుడు, సిరిసిల్ల నేతకుల సంజాతుడు, ఆ కార్ఖానా కంప్యూటర్లన్నిటికి ఏకైక సంరక్షకుడు. అతడు డిజైనర్లెల్లరు వినుచుండగా కుడిచేయి సాచి ఇట్లు ప్రతిజ్ఞ చేసెను: "ఓ చిత్రలేఖనధురీణులారా! నేను సర్వరునందు మీకు ఒక్కొక్కరికి ఒక్కొక్క గృహమును నిర్మించెదను! మీరు విండోస్ ముందు కూర్చున్నను, లినక్స్ ముందు నిలుచున్నను, మీ పేరు చెప్పినంతనే మీ ఫైళ్లతో మీ గృహము తలుపులు తెరచుకొనును! పెన్‌డ్రైవను మాట ఈ కప్పు కింద ఇక వినబడదు!"

నిజము చెప్పవలెనన్న అతడు పలికినది ఇంతే: "ఇగ పెన్‌డ్రైవ్ బంద్. ఏడ కూసున్నా ఎవలి ఫోల్డర్ వాళ్లకు దొరుకుతది." అలంకారములు నావి. కవికి ఆ మాత్రము స్వాతంత్ర్యము లేకున్న ఎట్లు?

ఆ డిజైనర్లలో చిన్నది విజయశ్రీ. ఆమె తండ్రి పరమేశ్వర్ ఆ కార్ఖానాలోనే కింది అంతస్తున మగ్గము నడుపును. ఇన్నేండ్లుగా అతడు నేసినవన్నియు ఎవరో గీసిన మామిడిపిందెలు, ఎవరో గీసిన నెమళ్లు. ఇప్పుడు కూతురు, తొలిసారిగా, తనదైన అంచు గీసినది. బతుకమ్మలో పేర్చు గునుగుపూల అంచు. సాయంకాలము సలాబత్‌పురా బజారునుండి చీరల వ్యాపారి వచ్చులోపల జానెడు నమూనా నేసి చూపవలెనని సేఠు ఆన. చూపలేనిచో ఆ మగ్గముపై మరల పాత మామిడిపిందెలే ఎక్కును.

విజయశ్రీ మెట్లు దిగెను. లినక్స్ ముందు కూర్చుండి తన పేరు కొట్టెను. అంతట తెరపై, ప్రళయకాల మేఘమువలె గాక చీమతలకాయంత అక్షరములతో, ఒక రాక్షసి ప్రత్యక్షమయ్యెను. దాని పేరు పర్మిషన్ డినైడ్.

"ఉమాకాంతన్నా, జర కిందికి రా! నా ఫోల్డర్ల నన్నే రానిస్తలేదు!"

వీరుడు అవరోహించెను. కేబులు పీకి పెట్టెను. పాస్‌వర్డు మార్చెను. తన కులదైవమైన రీస్టార్టును ముమ్మారు ఆవాహన చేసెను. రాక్షసి చెక్కుచెదరలేదు. అంత, యంత్రమునందు దోషము లేదని నిరూపింపనెంచి, అతడు తన పేరుతో లోనికి పోయి విజయశ్రీ ఫోల్డరును తాకెను. ఆశ్చర్యము! తలుపులు బార్లా తెరచుకొని గునుగుపూలు తెరనిండ విరిసెను.

"ఏందన్నా గిది? నా ఇల్లు నీకు తెరుసుకుంటది, నాకు తెరుసుకోదా?"

"దొరికింది గద, ఇగ ఎక్కియ్యిండ్రి," అనెను పరమేశ్వర్. "పడుగు తయారున్నది. మగ్గం ఉత్తగనే ఉన్నది."

అప్పుడు ఉమాకాంత్ మహోన్నతుడై నిలిచి, "పరగృహమున ప్రవేశించి పరధనమును కొనివచ్చుట వీరధర్మమగునా?" అనెను. అనగా: "అట్ల కాదు కాకా. ఇయ్యాల నా పేరు మీద తీస్తే, రేపు ఎవని ఫోల్డరన్న ఎవడన్న తీస్తడు. ఇగ నేను చేసింది ఏముంటది?"

"నీ లొల్లి నీదేనా?" అని విజయశ్రీ సంచిలోనుండి నిషిద్ధాయుధమగు పెన్‌డ్రైవును బయటికి తీసెను. ఆమె కన్నులు నిండియున్నవి. "మా నాయిన పొద్దుగాలటి సంది గీ అంచు కోసమే కూసున్నడు. ఒక్కసారికి ఏమైతదన్నా?"

అదే సమయమున మెట్లపైనుండి సేఠు గర్జించెను: "ఉమాకాంత్, థయుఁ కే నై?" అయినదా లేదా అని. వీరుని నుదుట చెమట పట్టెను. సేఠునకు అతడు భయపడలేదు. ఆ పిల్ల ముఖము చూచుటకే భయపడెను.

అంతలో అతనికి తట్టెను. సర్వరు మనుష్యులను పేరుతో ఎరుగదు, నంబరుతో ఎరుగును. గృహములు కట్టిననాడు విజయశ్రీ అందరికంటె ముందు వచ్చి నిలుచుండుటచే సర్వరునందు ఒకటవ నంబరు ఆమెకు దక్కెను. కింది లినక్స్‌లో మాత్రము, ఎవ్వరును చూడని వేళ, పూజకు ముందు గణపతిని నిలిపినట్లు, మన వీరుడు ఒకటవ నంబరున తన్నే నిలుపుకొనెను. కావున కింద ఒకటవ వాడు తట్టగానే, సర్వరు విజయశ్రీయే వచ్చినదనుకొని తలుపు తీయుచున్నది. ఆమె తట్టినచో, ఎవరో పరాయిదని పొమ్మనుచున్నది.

"తప్పు నాదే చెల్లె," అనెను ఉమాకాంత్ మెల్లగా. "నన్ను నేనే ముందట పెట్టుకున్న."

ఆహా, త్యాగమన్న అది! సింహాసనములను విడిచినవారిని గూర్చి విన్నాము గాని, ఒకటవ నంబరును విడిచి పట్టికలో కట్టకడపటికి పోయి కూర్చున్న వానిని ఈ ఉధ్నాలో ఇతనినే చూచితిమి. టకటక నాలుగు వరుసలు కొట్టి, ఒకటవ స్థానమున విజయశ్రీని నిలిపి, కుర్చీ ఖాళీ చేసి, "ఇప్పుడు కొట్టు" అనెను.

ఆమె తన పేరు కొట్టెను. రాక్షసి లేదు. ఫోల్డరు తెరచుకొనెను.

డిజైను మగ్గమునకు చేరెను, మగ్గము కదలెను, పేక వెంట పేక పడి వ్రేలెడు అంచు బయటికి వచ్చెను. సేఠు వంగి చూచి "సరస్ ఛే!" అని మెచ్చి, వ్యాపారిని తోడితెచ్చుటకు వెడలెను. పరమేశ్వర్ ఆ అంచును బొటనవ్రేలితో తడవి చూచెను.

"గునుగుపూలే గదా బిడ్డా. ఇన్నేండ్ల సంది ఎవలెవలియో నేస్తిని. ఇయ్యాల మనింటిది నేస్తున్న."

ఉమాకాంత్ అటు తిరిగి, అవసరము లేకున్నను, ఒక కేబులును సరిచేసెను.

జనులారా, జయఘంటలు మ్రోగింపుడు! ఉధ్నాయందు, ఒక మెట్లవరుసకు పైనను కిందను, ఒక ఫోల్డరు తన యజమానురాలికి తెరచుకొన్నది! దీనిని శ్రద్ధతో విన్నవారి పాస్‌వర్డులు వారికి జ్ఞప్తియందుండుగాక. మ్యాక్ సంగతి అడుగకుడు, అది ఇంకను ఎవ్వరిని ముట్టనిచ్చుట లేదు. నమూనాకు జానెడు చాలునని సేఠు చెప్పియే పోయెను. జానెడు దాటి చాలసేపయ్యెను. పరమేశ్వర్ మగ్గమును ఆపలేదు.