కాటా మీద మేనల్లుడు

ప్రతి ఇంట్లోనూ బోనులో దెబ్బలాడే మనిషి ఒకడుండాలి. ఇది నా నిశ్చితాభిప్రాయం. డాక్టరు లేకపోయినా సంసారం సాగుతుంది. ఇంజనీరు లేకపోయినా గోడలు నిలుస్తాయి. కానీ చుట్టూ ఇనప వల కట్టిన బోనులోకి దిగి, ముక్కు మీద గుద్దించుకుని, గుద్దినవాణ్ణి కింద పడేసి గొంతు బిగించి, గంట కొట్టగానే లేచి వాణ్ణే కౌగిలించుకునే మనిషి లేని ఇల్లు ఒక ఇల్లేనా?

నవ్వకండి. నేను నవ్వులాటకి రాసే మనిషిని కాను. అసలు మాట్లాడే మనిషినే కాను. ముప్పై ఒక్క ఏళ్లు మార్కెట్ యార్డులో కాటా దగ్గర నిలబడ్డాను. బస్తా ఎక్కుతుంది, ముల్లు ఆగుతుంది, అంకె చదువుతాను, బస్తా దిగుతుంది. ఇవి కాక రోజుకి పది పదిహేనుసార్లు ఇంకో రెండు మాటలు అనాల్సి వచ్చేది. "చెయ్యి తియ్యి." బస్తాని సర్దుతున్నట్టు నటిస్తూ కాటా అంచు మీద వేళ్లు ఆనించేవాడు రోజూ ఎవడో ఒకడు వస్తాడు. వాడి మొహం చూడక్కర్లేదు. ముల్లు వణికే తీరు చూస్తే చాలు. రిటైరై రెండేళ్లయింది. ఇప్పటికీ నిద్రలో ఆ రెండు మాటలూ అంటున్నానట. మా ఆవిడ దుప్పటి మీంచి చెయ్యి తీసేస్తుంది.

మా ఇంట్లో ఆ బోను వృత్తిలో ఉన్నవాడు మా మేనల్లుడు. చెల్లెలి కొడుకు. టైర్ల షాపులో పంక్చర్లు వేసేవాడు. ఆ షాపు వెనక రేకుల షెడ్డులో సాయంత్రాలు కొందరు చాపల మీద దొర్లుతుంటే చూడ్డానికి వెళ్లాడు. తనూ దొర్లాడు. పట్టుకుంటే వదలడని అక్కడివాళ్లు వాడికి 'జిగురు' అని పేరు పెట్టారు. ఇప్పుడు పోస్టర్ల మీద కూడా అదే పేరు. ఏడేళ్లు, తొమ్మిది పోటీలు, ఆరు గెలుపులు. ముక్కు మూడుసార్లు విరిగింది. జీవిత చరిత్ర ఇంతే.

ఇక లాభాల సంగతి చెబుతాను.

ముందు చెవులు. చాపల రాపిడికి వాడి చెవులు రెండూ నలిగి, ఎండు అంజీర్ పళ్లలా ముడుచుకుపోయాయి. మా చెల్లెలు మొదట్లో ఏడ్చింది. తర్వాత తెలిసొచ్చింది. ఆ చెవుల్లో ఇయర్‌ఫోన్ నిలవదు. పెట్టగానే జారి కింద పడుతుంది. ఆ వీధి మొత్తానికి తల్లి పిలిస్తే మొదటి పిలుపుకే పలికే కొడుకు వాడొక్కడే. మీ ఇంట్లో ఉన్నాడా అలాంటివాడు?

తర్వాత మర్యాద. పక్కింటాయన పదేళ్లుగా మా చెల్లెలు వాళ్ల గేటుకి అడ్డంగా బైకు పెట్టేవాడు. మా బావ, అంటే జిగురు తండ్రి, బతిమాలి, అరిచి, చివరికి కాగితం మీద రాసి అంటించి విసిగిపోయాడు. ఒకరోజు మావాడు కనుబొమ్మ మీద ఏడు కుట్లతో వెళ్లి, "అంకుల్, కొంచెం తీస్తారా?" అన్నాడు. అంతే. ఆ బైకు ఇప్పుడు పక్క వీధిలో ఉంటుంది. "అంత నెమ్మదిగా అడిగేసరికి భయమేసిందండీ," అని ఆయనే నాతో అన్నాడు.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ బోనులో న్యాయం ఉంది. ఇక తట్టుకోలేననుకుంటే చేత్తో మూడుసార్లు తడితే చాలు. ఎదుటివాడు వదిలేస్తాడు. రిఫరీ మధ్యలోకి దూకుతాడు. డాక్టరు పరిగెత్తుకొస్తాడు. మీ ఆఫీసులో తట్టుకోలేక టేబుల్ మీద మూడుసార్లు తట్టి చూడండి, ఏమొస్తుంది? టీ వస్తుంది.

అయితే ఈ వృత్తిలో ఇంతకన్నా గొప్ప వరం ఇంకొకటుంది. దాన్ని ఎండబెట్టడం అంటారు.

మావాడి అసలు బరువు ఎనభై రెండు కిలోలు. పోట్లాడేది డెబ్బై కిలోల తరగతిలో. పోటీకి ముందురోజు ఉదయం కాటా ఎక్కినప్పుడు డెబ్బై ఉంటే చాలు, ఒక్క నిమిషం. దిగాక ఎంతైనా పెరగొచ్చు. కాబట్టి ఏడెనిమిది కిలోలు నెలన్నర పస్తులతో దించుతారు. మిగిలిన నాలుగూ నీళ్లే. చివరి రెండు రోజుల్లో, తడిబట్ట పిండినట్టు, ఒంట్లోంచి పిండేస్తారు.

మా యార్డులో నేను చూసిందంతా తలకిందులు. పత్తి మీద నీళ్లు చల్లి తెచ్చేవాళ్లు, బరువు పెరగాలని. తడి చూసి తరుగు తీసేవాణ్ణి. ముప్పై ఒక్క ఏళ్లలో నీళ్లు పోసినవాణ్ణి చూశాను గానీ నీళ్లు తీసినవాణ్ణి చూడలేదు. విద్య ఎంత పెరిగిపోయిందో చూడండి!

ఆ నెలన్నరా ఇంట్లో వచ్చే క్రమశిక్షణ ఏ హాస్టల్లోనూ రాదు. కొడుకు పస్తుంటే ఎదురుగా ఎవరు తినగలరు? అందరూ దొంగల్లా తింటారు. మా బావ మెట్ల కింద నిలబడి, బిస్కెట్టు నోట్లో పెట్టుకుని, నమిలితే చప్పుడవుతుందని నానబెట్టి మింగుతాడు. వంటింట్లో మూతలు పడవు. మిక్సీ తిరగదు. ఇంత నిశ్శబ్దం కోసం జనం కొండలెక్కి ధ్యానం చేస్తున్నారే!

ఈసారిది పదో పోటీ. గెలిస్తే నడుముకి ఛాంపియన్ బెల్టు. వాడి ఏడేళ్ల కష్టం ఆ ఒక్క పోటీ మీదే ఉంది. శనివారం పోటీ, శుక్రవారం ఉదయం పది గంటలకి తూకం. కోచ్ స్వయంగా ఫోన్ చేశాడు. "మీరు రావాలి పెద్దాయనా. కాటా దగ్గర అనుభవం ఉన్న మనిషి ఒకరు కావాలి," అన్నాడు. నా విద్యకి ఇన్నాళ్లకి గౌరవం దక్కిందనుకున్నాను. చొక్కా ఇస్త్రీ చేయించాను.

వెళ్లేసరికి హోటల్ గది బాత్రూంలో టబ్బునిండా పొగలు కక్కే నీళ్లు. అందులో మెడదాకా మావాడు. పక్కన స్టూలు మీద చెల్లెలు, టవలుతో వాడి మొహం తుడుస్తోంది. చేతి గడియారం చూసుకుంటూ కోచ్. పొట్టి మనిషి, మెడలో విజిల్. ఏడింటికి డెబ్బై కిలోల తొమ్మిది వందలు. ఎనిమిదిన్నరకి డెబ్బై కిలోల ఐదు వందలు. తల గొరిగేశారు. జుట్టు బరువు యాభై గ్రాములట. గోళ్లు కూడా కత్తిరించారు. గోళ్ల బరువు ఎంతో ఎవరూ చెప్పలేదు.

"ఇంకో అయిదు నిమిషాలు," అన్నాడు కోచ్.

"చెమట ఆగిపోయింది బాబూ. తుడిచిన టవలు పొడిగా వస్తోంది," అంది చెల్లెలు.

"వస్తుందమ్మా. లోపల దాక్కుంటుంది, అంతే."

మావాడు కళ్లు తెరిచి నన్ను చూశాడు. పెదాలు బెరడులా పగిలి ఉన్నాయి. "మావయ్యా, మంచినీళ్లు ఎలా ఉంటాయి?" అన్నాడు.

ఆలోచించాను. "చల్లగా ఉంటాయి."

"ఇంకా?"

"గ్లాసులో పోస్తే చప్పుడవుతుంది."

"ఆ చప్పుడొకసారి చెయ్యి మావయ్యా."

చెల్లెలు లేచి బయటికి వెళ్లిపోయింది. నేను అరవై ఏళ్ల వయసులో, ఇస్త్రీ చొక్కాతో, హోటల్ బాత్రూంలో నిలబడి నోటితో నీళ్లు పోసిన చప్పుడు చేశాను. ఇంత అక్కరకొచ్చే మేనమామ కావడం ఎంతమందికి దక్కుతుంది?

కోచ్‌ని పక్కకి పిలిచాను. "మనవాడితో పోట్లాడేవాడి అసలు బరువెంత?"

"ఎనభై ఒకటి."

"మనవాడు ఎనభై రెండు. ఇద్దరూ తిని తాగి, ఎనభై దగ్గరే కొట్టుకోవచ్చుగా?"

జాలిగా చూశాడు. "మీకు అర్థం కాదు పెద్దాయనా. ఎనభైల తరగతికి వెళ్తే అక్కడికి తొంభై అయిదువాడు ఎండిపోయి వస్తాడు."

"మరి తొంభై అయిదువాడు వాడి తరగతిలోనే ఉండొచ్చుగా?"

"అక్కడికి నూట పదివాడు దిగుతాడు."

"ఆ పైన?"

"ఆ పైన తరగతి లేదు. వాడు తింటాడు."

నాకు అర్థమైంది. లోకంలో అందరూ ఒక మెట్టు కిందికి దిగి, అక్కడున్నవాడికన్నా పెద్దగా కనపడాలని చూస్తారు. కిందవాడూ దిగే ఉంటాడు కాబట్టి మళ్లీ ఇద్దరూ సమానమే. ఎండిపోవడం ఒక్కటే మిగులుతుంది. ఇంత పకడ్బందీ ఏర్పాటు తలకాయ లేనివాళ్లు చెయ్యగలరా?

తూకం హోటల్ హాల్లో. ఒక చిన్న వేదిక, దాని మీద కాటా, ఎదురుగా కెమెరాలు. ఎదుటివాడు గోడవారగా కుర్చీలో ముడుచుకుని ఉన్నాడు. తలమీదికి కోటు లాక్కుని, పేపర్ కప్పులోకి ఉమ్మేందుకు ప్రయత్నిస్తున్నాడు. ఉమ్మి రావడం లేదు. వాడి వంతు మావాడి తర్వాత.

మావాడు కట్టుబట్ట కూడా విప్పేశాడు, ఆ నూరు గ్రాములు కలిసొస్తాయని. అడ్డంగా నడుము ఎత్తున టవలు పట్టుకోవాలి. ఒక కొస కోచ్‌ది, ఒక కొస నాది. "గట్టిగా పట్టుకోండి పెద్దాయనా. ఏం జరిగినా వదలొద్దు. అంతే మీ పని," అని చెవిలో చెప్పాడు.

మావాడు ఎక్కాడు. అంకెలు పరిగెత్తాయి. డెబ్బై కిలోల నాలుగు వందల దగ్గర తచ్చాడాయి. అప్పుడు నా చేతిలో టవలు కిందికి లాగింది. మెత్తగా, మనిషి ఊపిరి వదిలినంత నెమ్మదిగా. మావాడు రెండు చేతుల వేళ్లూ టవలు అంచు మీద ఆనించాడు. కాటా మీద అంకె డెబ్బై దగ్గర నిలబడింది. తూకం అధికారి చదవడానికి నోరు తెరిచాడు.

నా నోరు ముందు తెరుచుకుంది.

"చెయ్యి తియ్యి."

నేననలేదు. ముప్పై ఒక్క ఏళ్లు అన్నాయి. నేను అప్పటికి మావాడి మొహం కూడా చూడలేదు. వాడు నా మేనల్లుడనీ, అది మా చెల్లెలి ఏడేళ్ల ఆశ అనీ, కోచ్ నన్ను పిలిపించింది కాటా చదవడానికి కాదు, టవలుతో ఈ మోసాన్ని మూయడానికనీ, అన్నీ ఒకేసారి, ఆ మాట బయటికి వెళ్లిన తర్వాత తెలిశాయి. మావాడు టవలు మీంచి చేతులు తీశాడు. డెబ్బై కిలోల నాలుగు వందలు.

కోచ్ నావైపు చూసిన చూపు ఇక్కడ రాయను. పిల్లలు కూడా చదువుతారు.

ఒక గంట గడువిచ్చారు. నాలుగు వందల గ్రాములు దించాలి. మళ్లీ టబ్బు నింపారు. చెల్లెలూ తిరిగొచ్చి స్టూలు మీద కూర్చుంది. మావాడు అంచు పట్టుకుని, ఒక కాలు లోపల పెట్టి, అలాగే ఆగిపోయాడు. రెండో కాలు లేవడం లేదు.

"దిగు. నువ్వు జిగురువి రా! వదలకూడదు!" అన్నాడు కోచ్.

మావాడు ఆ కాలు బయటికి తీశాడు. నెమ్మదిగా, బాత్రూం తలుపుని చేత్తో తట్టాడు. ఒకటి, రెండు, మూడు.

రిఫరీ ఎవరూ దూకలేదు. కోచ్ గడియారమే చూస్తున్నాడు. నాకూ కాళ్లు కదల్లేదు. లేచింది చెల్లెలు. గదిలోకి వెళ్లి, గ్లాసు తెచ్చి, కోచ్‌ని మోచేత్తో పక్కకి నెట్టి, కొడుకు నోటికి అందించింది. "కొంచెం కొంచెంగా తాగు నాన్నా," అంది. కోచ్ విజిల్ నోట్లో పెట్టుకున్నాడు గానీ ఊదలేదు.

పోటీ రద్దు. బెల్టు సంగతి ఆ గ్లాసుతో పోయింది. కబురు హాల్లోకి వెళ్లగానే ఎదుటివాడు కప్పు పక్కన పెట్టి, మూలనున్న నీళ్ల క్యాన్ దగ్గరికి నడిచాడట. "నువ్వు కాటా ఎక్కాలి రా, తాగకు!" అని వాడి కోచ్ కేకేశాడట. "ఎవడితో కొట్టుకోడానికి?" అన్నాడట వాడు. మేం కిందికి దిగేసరికి క్యాన్ పక్కన నేలమీద కూర్చుని ఉన్నాడు. మావాడు వెళ్లి వాడి పక్కన కూలబడ్డాడు. మర్నాడు ఒకరి ఎముకలు ఒకరు విరగ్గొట్టుకోవాల్సినవాళ్లు, ఒకడు పంపు నొక్కుతుంటే ఒకడు తాగుతూ, వంతులవారీగా అరగంట కూర్చున్నారు. ఇద్దరూ కలిపి ఎంత తాగారో నేను చూడగానే చెప్పగలను. చెప్పను.

పోటీ పెట్టినవాళ్ల దగ్గర్నుంచి తర్వాత నాకొక ఉత్తరం వచ్చింది. నా నిజాయితీని మెచ్చుకున్నారట. ఈ గొడవతో కళ్లు తెరిచి సంస్కరణలు చేపట్టారట. పాతది తీసేసి, పది గ్రాములు కూడా తేడా రాని కొత్త కాటా కొన్నారట. టవళ్లు నిషేధించారట. ఆ కొత్త కాటా దగ్గర నిలబడ్డానికి నన్ను రమ్మన్నారు.

ఒప్పుకున్నాను. ఒకే ఒక్క షరతు పెట్టాను. కాటా పక్కన ఒక నీళ్ల క్యాను ఉండాలి. ఎక్కబోయేవాడు ముందు కడుపునిండా తాగాలి. తాగాక ఎక్కాలి. అప్పుడు నేను అంకె చదువుతాను. ఏ అంకెగలవాడు ఆ అంకెగలవాడితోనే కొట్టుకోవాలి.

రెండు నెలలైంది. జవాబు లేదు. ఆ కొత్త కాటా పది గ్రాములు పట్టుకోగలదు గానీ నా షరతు బరువు దానికి అందలేదేమో.

ప్రతి ఇంట్లోనూ బోనులో దెబ్బలాడేవాడు ఒకడుండాలన్నాను. మాట మార్చను. ఎనభై రెండు కిలోలవాడు ఉండాలి.

మా చెల్లెలు మాత్రం నాతో ఇంకా మాట్లాడటం లేదు. కొడుకు చేతికి బెల్టు అందేవేళ నోరు జారిన అన్నతో ఏం మాట్లాడుతుంది? ఆదివారాలు భోజనానికి మాత్రం కబురు పెడుతుంది. వడ్డిస్తుంది. నావైపు చూడకుండా చెంబు బాగా పైకెత్తి, గ్లాసులోకి ధారగా, చప్పుడయ్యేలా నీళ్లు పోసి, లోపలికి వెళ్లిపోతుంది.

ఆ చప్పుడుకి మా మేనల్లుడు ఏ గదిలో ఉన్నా వచ్చేస్తాడు. చెప్పానుగా, వాడి చెవుల్లో ఇంకేమీ నిలవదు.