స్నానం చేసి సభకు రండి

అడవి చాలా పెద్దది, అందులో మడుగు మాత్రం ఒక్కటే. ఆ ఏడు వేసవి రాకముందే అది సగానికి దిగిపోయింది.

మృగరాజు కేసరప్ప కంగారుపడి, కంటకమ్మ అనే ఏదుపందిని పరిశోధనకు పిలిపించాడు. ఆమెకు దొరికిన మొదటి పెద్ద పని అది.

"ఎవరికెంత దురాశ ఉందో తేల్చు" అన్నాడు సింహం.

"నీళ్ళంటే ఎంత ఇష్టమని అడుగమ్మా, దొంగలు వాళ్ళే బయటపడతారు" అన్నాడు మంత్రి తోడేలు.

కంటకమ్మ ముందు అడవిపందిని అడిగింది.

"ఇష్టమా? స్నానమంటేనే నాకు చిరాకు!"

"మరి రోజూ ఎందుకు దిగుతున్నావు?"

"పొద్దున్నే సభ కదా. ఒంటిమీద మట్టి ఉంటే కాపలా ఎలుగుబంటి గుమ్మం దాటనివ్వడు. దారంతా దుమ్మాయె, మధ్యలో వెనక్కొచ్చి మళ్ళీ మునగాలి."

జింక సిగ్గుపడింది. "అందరూ తళతళలాడుతుంటే నేనొక్కదాన్నే దుమ్ముతో ఎలా నిలబడనమ్మా?"

ఎవరిని అడిగినా ఇదే మాట. దొంగ కోసం వెతికిన కంటకమ్మకు దొంగ దొరకలేదు, అలవాటు దొరికింది. సంతోషంతో ఆమె ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి.

"ప్రభూ, దురాశ ఎవరికీ లేదు" అంది సభలో. "సభకు రావడమంటే మెరుస్తూ రావడమని మనమే నేర్పాం. ఆ దారి, ఆ గుమ్మం, ఆ చూపులు కలిసి మడుగును తాగేస్తున్నాయి. మట్టికాళ్ళతో రానివ్వండి, చాలు."

ఎలుగుబంటి గుమ్మాన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

"అంటే తప్పు సభదా?" అన్నాడు తోడేలు నెమ్మదిగా.

కేసరప్ప జూలు సవరించుకున్నాడు. "అద్భుతం! అలవాట్లు మార్చాల్సిందే. అందుకు రోజూ సాయంత్రం పొదుపు సభ పెడదాం. అధ్యక్షురాలు కంటకమ్మ. అందరూ శుభ్రంగా రావాలి!"

వద్దనాలని ఆమె నోరు తెరిచింది. ఈలోగా మెడలో దండ పడి ముళ్ళకు చిక్కుకుంది. ఇక తియ్యడానికీ లేదు, విదిలించడానికీ లేదు. చప్పట్లు మోగుతున్నాయి. నోరు మూసుకుని కూర్చుంది.

ఇప్పుడు పొద్దున సభకో స్నానం, సాయంత్రం సభకో స్నానం. పొదుపు మీద కంటకమ్మ ప్రసంగాలు రసవత్తరంగా సాగుతుండగానే మడుగు అడుగంటింది.

ఆ రోజు సింహం కూడా దుమ్ముతోనే వచ్చాడు. ఎలుగుబంటి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"రూలు ప్రభూ."

లోపలికి ఎవరూ వెళ్ళలేకపోయారు. జంతువులన్నీ దాహంతో నాలుకలు వేలాడేసుకుని పక్క అడవి దారి పట్టాయి. కంటకమ్మ తలెత్తకుండా అందరికన్నా వెనక నడిచింది.

నీతి: నీళ్ళు ఎవరు వాడారో ఎంతైనా అడగండి, ఎందుకు వాడాల్సి వచ్చిందని మాత్రం అడక్కండి, పెద్దలు నొచ్చుకుంటారు.