పోశెట్టి సొంత దుకాణం

తెల్లవారేసరికి దోహా మీద ఆకాశం దుమ్ముతో మూసుకుపోయి ఉంది. గోనెపట్టా వెనక దీపం పెట్టినట్టు తూర్పున కొంచెం వెలుతురు తప్ప సూర్యుడి జాడ లేదు. అది తొంభై ఆరో సంవత్సరం. అల్ మన్సూరాలో దర్జీ పోశెట్టి షట్టరు ఎత్తి, ఇస్త్రీ చేసే నిసార్ అహ్మద్‌కు ఆ పూట పని చెప్పాడు. పెళ్ళివారి సూట్లకు కాజాలు తీసి, సాయంత్రానికి అప్పజెప్పాలి. అంతకుమించి ఏమీ అనుకోలేదు.

అక్కడి పద్ధతి ప్రకారం దుకాణం లైసెన్సు ఒక కతారీ పేరు మీద ఉండాలి. పోశెట్టికి వీసా ఇచ్చిన కఫీల్ అహ్మద్ అలీ పేరు మీద అది ఉంది. పోశెట్టి నెలకోసారి అతని ఊరు ఉమ్ సలాల్ వెళ్ళి ముట్టవలసింది ముట్టజెప్పి వచ్చేవాడు. అహ్మద్ అలీ దాన్ని జేబులో వేసుకునేవాడే గాని, దుకాణం ఏ వీధిలో ఉందో ఎన్నడూ అడగలేదు. మిషన్లు కొన్నది పోశెట్టి, అద్దె కట్టేది పోశెట్టి. అందుకని ఎవరొచ్చినా "ఇది నా సొంత దుకాణం" అనేవాడు. గల్ఫ్ అంటే దుబాయే అనుకునే జగిత్యాల దగ్గరి ఊళ్ళో భార్య గౌరవ్వ కూడా "మా ఆయినకు దుబాయ్‌ల దుకాణమున్నది" అని చెప్పుకునేది.

పదింటికి రామకృష్ణారావు ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వచ్చాడు. కాకినాడ వైపు మనిషి, పెద్ద కంపెనీలో అకౌంటెంటు.

"ఏమయ్యా పోశెట్టీ, టాక్సు రిటర్ను వేశావా?"

"అదేంది సారూ?"

"ఇక్కడ వ్యాపారం చేసే బయటి దేశాలవాళ్ళు ఏటా లెక్క చెప్పుకోవాలయ్యా. ఒక్కడే చేసుకునేవాడైనా సరే. చెప్పకపోతే జరిమానా, ఆలస్యమయ్యేకొద్దీ పెరుగుతుంది. షాపు నీ సొంతమేగా?"

పెళ్ళివారి తరఫు మనిషి పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పోశెట్టి మెడ నిక్కించాడు. "మరెవనిదనుకున్నరు సారూ?"

"అయితే నువ్వే వెళ్ళి ఒప్పేసుకో. వాళ్ళొచ్చి పట్టుకున్నారంటే షాపుకి సీలేస్తారు."

రావు వెళ్ళాడు. వెనకే పెళ్ళివారి మనిషి కూడా మళ్ళీ వస్తానని లేచి వెళ్ళాడు. పోశెట్టి కత్తెర బల్ల మీద పెట్టేశాడు.

"నిసారూ, ఇన్నేండ్ల జరిమానా అంటే మిషన్లు గూడ మిగలయ్‌రా. షట్టర్ గుంజు. నీకు అరబ్బీ వస్తది, నువ్వూ నడు."

"షాదీవాళ్ళు వస్తే క్యా బోల్నా, అన్నా?"

"సీలు పడితే వాళ్ళ సూట్లు లోపలనే ఉంటయ్. అన్నీ మూట గట్టు. యల్లా!"

దుకాణం మూసి, మూటలతో టాక్సీ ఎక్కుతున్న దర్జీని ఎదురు హోటలువాళ్ళు చూశారు. మూటలతో మనిషి ఇంకెక్కడికి పోతాడు? గంట తిరిగేలోగా పోశెట్టి బట్టలతో ఉడాయించాడని వీధంతా అనుకుంది. బట్టలిచ్చినవాళ్ళు షట్టరు ముందు గుమిగూడారు. పెళ్ళికొడుకు స్వయంగా వచ్చి షట్టరును తన్నాడు. ఎవరో దుకాణం గది యజమానినడిగి నంబరు సంపాదించి, అహ్మద్ అలీకి ఫోను చేశారు.

అక్కడ పన్నుల ఆఫీసులో పోశెట్టి చేతులు కట్టుకుని నేరమంతా ఒప్పుకున్నాడు. గుమాస్తా విని, లైసెన్సు ఎవరి పేరు మీద ఉందని అడిగాడు. నిసార్ ఆ పేరు చెప్పాడు. గుమాస్తా కలం కింద పెట్టి అరబ్బీలో ఏదో అన్నాడు.

"ఏమంటున్నడ్రా?"

"కతారీ దుకాణానికి టాక్స్ లేదంట, అన్నా."

పోశెట్టికి ప్రాణం లేచి వచ్చింది. "అల్లా సల్లగ జూస్తడు ఈయినను!"

"ఆగన్నా. దుకాణం నీదంటివి కదా. దూస్రేవాళ్ళ లైసెన్సు మీద నువ్వు ధందా చేస్తే కేసంట. జరిమానా కూడా అంట. అది నీదా, కఫీల్‌దా, సాఫ్ సాఫ్ చెప్పమంటున్నడు."

పోశెట్టి గొంతు తగ్గించాడు. "ఆయినదే అని చెప్పు. నేను పనోణ్ణి."

గుమాస్తా సంతోషించి, ఇద్దరికీ చాయ్ తెప్పించాడు.

మూటలతో తిరిగి వచ్చేసరికి వీధి నిండా జనం. మధ్యలో తెల్లటి అంగీతో అహ్మద్ అలీ నిలబడి ఉన్నాడు. తన దుకాణాన్ని అతడు చూడటం అదే మొదటిసారి. పోశెట్టి సూట్లు దించాడు. ఎవరి బట్టలు వాళ్ళకు కనబడేసరికి జనం చల్లబడ్డారు. పెళ్ళికొడుకు మాత్రం కాజాలేవని నిలదీశాడు.

అహ్మద్ అలీ వాళ్ళనందరినీ నిదానంగా చూసి నిసార్‌ను ఏదో అడిగాడు.

"వీళ్ళంతా మన గిరాకీలేనా అంటున్నడు, అన్నా."

"అవునను."

మళ్ళీ ఏదో అడిగాడు.

"దుకాణం ఎవరిదని ఇక్కడ అడిగితే అందరూ పోశెట్టిదే అన్నారంట. ఎవరిదని నిన్నడుగుతున్నడు."

ప్యాంటు కోసం వచ్చిన రావు కూడా చెవులు రిక్కించాడు. పోశెట్టి తల వంచుకున్నాడు. ఆఫీసులో ఒకటీ, వీధిలో ఒకటీ చెప్పడానికి లేదు.

"మీదే, అర్బాబ్."

అహ్మద్ అలీ ముఖం వికసించింది. పోశెట్టి భుజం తట్టి, నమ్మకస్తుడివన్నాడు. రేపటినుంచి గల్లా దగ్గర తన మేనల్లుడు కూర్చుంటాడనీ, పోశెట్టి నెల జీతం తీసుకుని నిశ్చింతగా కుట్టుకోవచ్చుననీ, నెలనెలా ఉమ్ సలాల్ దాకా తిరిగే శ్రమ ఇక లేదనీ నిసార్ చేత చెప్పించాడు. ఎంత కాదన్నా వినకుండా ఎదురు హోటలు నుంచి పెద్ద పళ్ళెంలో మాంసం అన్నం తెప్పించి, కత్తిరింపుల బల్ల మీద పెట్టించాడు. రావును కూడా చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.

నలుగురూ ఒకే పళ్ళెంలో చేతులు పెట్టి తిన్నారు. రావు తల ఎత్తలేదు. నిసార్ తల ఎత్తలేదు. మంచి ముక్కలు ఏరి అహ్మద్ అలీ పోశెట్టి వైపు తోస్తూ ఉంటే, పోశెట్టి వాటిని నములుతూ తన మిషన్ల వైపు చూస్తున్నాడు.

ఆ దేశంలో జీతాల మీద పన్ను లేదు.