మామిడి లారీలో ఊంజల్

ఆ బుధవారం పొద్దున యతిరాజులు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి నెట్ సెంటరుకు పోవాలి. బెంగళూరులో ఉన్న ఊంజల్ తిరుపతికి తక్కువ బాడుగతో ఎలా వస్తుందో కనుక్కోవాలి. పదిన్నరకు ఆఫీసులో సంతకం పెట్టాలి. మొదటిదీ మూడోదీ అనుకున్నట్టే జరిగాయి.

ఊంజల్ అంటే ఇంట్లో దూలానికి వేలాడదీసే ఊయల బల్ల. ఆరడుగుల టేకు చెక్క, నాలుగు ఇత్తడి గొలుసులు. కంప్యూటరులో వేలం జరుగుతుందనీ, అక్కడ నోరు మెదపకుండానే పాట పాడవచ్చనీ నెట్ సెంటరు అమర్‌నాథ్ చెబితే యతిరాజులు నమ్మలేదు. చూద్దామని వెళ్లాడు. నాలుగు సాయంత్రాలు వింతగా చూశాడు. ఐదో సాయంత్రం పాడాడు. ఊంజల్ తనకే వచ్చిందని తెలిసిన ఆశ్చర్యంలో కింది వరుస చదవలేదు. వస్తువును కొన్నవారే వచ్చి తీసుకుపోవాలని అందులో ఉంది.

ఇదంతా భార్య వకుళాదేవి కోసం. ఆమె అక్క అలమేలమ్మ పుత్తూరులో ఉంటుంది. ఆ ఇంట్లో ఊంజల్ ఉంది. ముప్పై ఏళ్లుగా వకుళాదేవి ఎప్పుడు వెళ్లినా అక్క బల్లమీద ఊగుతూ మాట్లాడుతుంది, చెల్లెలు కింద చాపమీద కూర్చుని తల పైకెత్తి జవాబు చెబుతుంది. బల్ల దగ్గరికి వచ్చినప్పుడల్లా మోకాళ్లు వెనక్కి జరుపుకోవాలి. ఆ అక్క ఈ ఆదివారం తిరుపతికి వస్తోంది.

"అక్క వచ్చేసరికి మనింట్లో ఊంజల్ ఉండాల. నేను దానిమీద కూచోని, రా అక్కా అనాల. అంతే నాక్కావల్సింది" అంది వకుళాదేవి. పెళ్లయినప్పటి నుంచీ ఆమె నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. గురువారానికి హాలు దూలానికి కొక్కేలు కూడా తనే దగ్గరుండి కొట్టించాలని నిర్ణయించేసుకుంది.

పార్సెల్ ఆఫీసువాడు బొమ్మ చూసి చెప్పిన బాడుగకు ఇంకో ఊంజల్ వచ్చేటట్టుంది. అందుకే యతిరాజులు మళ్లీ అమర్‌నాథ్ దగ్గరికే వచ్చాడు.

"ఇది మామిడికాయల కాలం గదా సార్" అన్నాడు అమర్‌నాథ్. "బంగారుపాళ్యం లారీలు బెంగళూరుకు కాయలు దించేసి ఖాళీగా తిరిగొస్తాయి. మునిరామయ్యని నాకు తెలిసినాయన ఉండాడు. సొంత లారీ. సగానికి సగం తక్కువకు తెస్తాడు."

అదృష్టం కొద్దీ మునిరామయ్య ఆరోజు బెంగళూరులోనే ఉన్నాడు. మధ్యాహ్నం తానే నెట్ సెంటరుకు ఫోన్ చేశాడు. యతిరాజులు ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చి అందుకున్నాడు.

"సామీ, మీ సామాను ఎక్కించినా. మంచి బలమైన చెక్క. ఖాళీ గంపలన్నీ దీనిమీదే పేర్చినా. ముళబాగిలు దాకా పొయ్యేవాళ్లు నలుగురు ఎక్కినారు, వాళ్లు గూడా దీనిమీదే కూసున్న్యారు. సుఖంగా ఉండాదంట."

యతిరాజులు కళ్ల ముందు కొత్త పాలిషూ, దానిమీద ఎనిమిది చెప్పులూ కనిపించాయి. అరిచినా బతిమాలినా లారీవాళ్లు వినరని విన్నాడు. వినే మాట ఏదని ఒక్క క్షణం వెతుక్కున్నాడు. దొరికింది.

"అప్పా! వాళ్లను దించెయ్యి! అది స్వామివారి ఊంజల్ అప్పా!"

"ఏ స్వామి సార్?" అన్నట్టు అమర్‌నాథ్ కనుబొమలు ఎగరేశాడు. అవతల లారీ ఇంజను ఆగిపోయింది. తర్వాత మునిరామయ్య లెంపలు వేసుకుంటున్న చప్పుడు ఫోనులో స్పష్టంగా వినిపించింది.

"ముందే చెప్పకూడదా సామీ! చెప్పుకాళ్లతో తొక్కితిని గదా! ఇప్పుడే తలకు నీళ్లు పోసుకోని, లారీ కడిగి బయల్దేరతా."

"మరి బాడుగ?"

"స్వామి పనికి బాడుగ తీసుకుంటే మా యమ్మ నన్ను ఇంట్లోకి రానిస్తాదా?"

యతిరాజులు ఫోన్ పెట్టేసి విజయగర్వంతో చూశాడు. "ఊరికే వస్తాంది!" అన్నాడు.

"నాకెందుకో భయంగా ఉండాది సార్" అన్నాడు అమర్‌నాథ్.

గురువారం సాయంత్రానికి ఊంజల్ రావాలి. రాలేదు. ఫోన్ వచ్చింది. చెక్‌పోస్టులో కాగితం అడగలేదనీ, పైగా ఆఫీసరే టెంకాయ కొట్టి పంపించాడనీ మునిరామయ్య సంతోషంగా చెప్పాడు. పలమనేరులో పూలంగళ్లవాళ్లు గొలుసులకు మాలలు చుట్టారట. శుక్రవారం మళ్లీ ఫోన్. "సామీ, మా యమ్మ ఒక్క పూట మా వూరి భజన మందిరంలో ఉంచమనింది. వేలాడదీసినాం. సూసేదానికి సుట్టుపక్కల వూర్లోళ్లంతా వచ్చినారు."

యతిరాజులుకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. శనివారం సెలవు పెట్టి బంగారుపాళ్యం బస్సెక్కాడు. నిజం చెప్పేసి తన వస్తువు తాను తెచ్చుకోవాలి. చెప్పవలసిన మాటలు దారి పొడుగునా కూడబలుక్కున్నాడు.

మందిరంలో అడుగు పెట్టగానే ఆ మాటలు మరిచిపోయాడు. ఊంజల్ గొలుసుల ఇత్తడి ఎక్కడా కనిపించడం లేదు. కింది నుంచి పైదాకా పసుపు గుడ్డల ముడుపులు. యతిరాజులు నుదుటి తిరునామం చూసి జనమంతా లేచి నిలబడ్డారు. మునిరామయ్య తల్లి సిద్ధమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన కాళ్లమీద పోసేసింది.

"అమ్మా, నేను యూనివర్సిటీ ఆఫీసులో..." అని మొదలుపెట్టాడు.

"ఆఫీసు సంగతి తర్వాత సామీ. మాకు తెలీక అడుగుతాండాం, స్వామి కుడిపక్క కూసుంటాడా, ఎడంపక్కా?"

"అమ్మవార్లిద్దరూ చెరొక పక్క. స్వామి నడుమ" అన్నాడు యతిరాజులు. చిన్నప్పటి నుంచీ కొండమీద స్వామిని ఊంజల్‌లో ఊపే సేవ చూసినవాడు, తెలిసింది చెప్పకుండా ఉండలేకపోయాడు.

"ముగ్గురికీ ఆరడుగులు సాలుతాదా?"

"ఎన్నిసార్లు ఊపుతారు సామీ?"

"గట్టిగా ఊపితే స్వామికి తల తిరగదా?" అని ఒక ముసలాయన సందేహం.

అడిగినదానికల్లా ఆయన నిజమే చెప్పాడు. చెప్పిన ప్రతి నిజమూ ఆ అబద్ధాన్ని ఇంకొంచెం గట్టిచేసింది. చివరికి సిద్ధమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

"మూడు దినాల్నుంచి కాయంతా తోటలో రాలిపోతాండాది సామీ. గుజ్జు ఫ్యాక్టరీవాడు కాయ దించుకునేదానికి టోకెన్ ఇయ్యల్యా. నిన్న ముడుపు కడితి. మధ్యాన్నానికి టోకెన్ వచ్చె! ఇంకేం గావాల?"

యతిరాజులు కూడా ఆమెతోపాటు దండం పెట్టుకున్నాడు. రేపు పొద్దున్నే తామే తెచ్చి అప్పగిస్తామన్నారు. యాడికి తేవాలని అడిగితే ఇంటి చిరునామా చెప్పాడు. "కొండకు గాదా?" అంది సిద్ధమ్మ. "ముందు మా ఇంటికి" అన్నాడు.

ఆదివారం ఎనిమిదింటికి అలమేలమ్మ వచ్చింది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పేము కుర్చీలో కూర్చుంది. ఉత్త కొక్కేలు నాలుగూ చూసింది.

"ఏమే వకుళా, ఊంజల్ కొన్నారంట గదా. యాడుండాది?"

"వస్తాండాది అక్కా."

"నడిచొస్తాండాదా?"

వకుళాదేవి మొగుడి వైపు చూసింది. ఆయన పంచె అంచు చూసుకున్నాడు. అంతలో వీధి చివర మద్దెల వినిపించింది. మామిడాకుల తోరణాలు కట్టిన లారీ, దానిలో పాతికమంది, నడుమ ఊంజల్, గోవింద నామాలు. వీధి వీధంతా బయటికొచ్చింది.

యతిరాజులు లారీకి ఎదురు వెళ్లి రెండు చేతులూ జోడించాడు. "అమ్మా, నిలపండి. ఇది స్వామిది కాదు. మా ఆవిడ కూచునేదానికి నేను వేలంలో కొన్నాను. గంపలు పెడతాన్నారని అబద్ధం చెప్పినా. తప్పయిపోయింది."

మద్దెల ఆగింది. మునిరామయ్య నోరు తెరిచి తల్లి వైపు చూశాడు. సిద్ధమ్మ లారీ దిగి, యతిరాజులును కింది నుంచి పైదాకా చూసింది.

"పిచ్చి సామీ! లారీవాడి నోరు మూయించేదానికి వెయ్యి మాటలుండాయి. ఆ మాటే నీ నోట్లో పెట్టిందెవురు?"

యతిరాజులు లారీకి దారిచ్చి పక్కకు జరిగాడు. మద్దెల మళ్లీ మొదలైంది.

వకుళాదేవి గడపలో నిలబడి అంతా విన్నది. ముప్పై ఏళ్ల ఆశ కళ్ల ముందే పసుపు గుడ్డలతో ఇంట్లోకి వస్తోంది. ఆమె కొంగు నడుముకు దోపి, "గమ్మున నిలబడతారేమండీ, కొక్కేలకు తగిలించండి" అంది. పూజగదిలోని స్వామి పటం తెచ్చి బల్ల నడుమ పెట్టింది. హారతి వెలిగించింది. ఊరివాళ్లంతా ఒక్కొక్కరు ఒకసారి ఊపడానికి గుమ్మం దాకా వరుస కట్టారు.

అలమేలమ్మ కుర్చీలో ఉండలేకపోయింది. స్వామి ఎదుట ఎత్తుమీద కూర్చుంటే బాగుండదని లేచింది. తన ఇంటి ఊంజల్ మీద ఎప్పుడూ తనే తప్ప స్వామి ఎక్కింది లేదని ఆమెకు అప్పుడే తట్టినట్టుంది. వంగి దండం పెట్టుకుని మెల్లగా చెల్లెలి పక్కకు చేరింది.

"వకుళా, నేను గూడా ఒక్కసారి ఊపుతానే" అని గొలుసు మీద చెయ్యి వేయబోయింది.

"లైన్లో రా అక్కా" అంది వకుళాదేవి.

ఆనాటి నుంచి ఆ ఇంట్లో ఊంజల్ మీద ఊగేది స్వామి ఒక్కడే. పొద్దునా సాయంత్రం ఊపే ఉద్యోగం మాత్రం, సెలవులేవీ లేకుండా, యతిరాజులుది.