మా మామ్మకు అప్పగించిన గాలి

ఎడమ చేత్తో ఎండు నెత్తళ్ల చేపల మీది బూడిద దులుపుతూ, కుడి చేత్తో ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. కాగితం మీద అక్కడక్కడా నల్లటి చుక్కలు కనబడితే అవి నా అక్షరాలు కావు. మా గాలి. దయచేసి వాటిని చదవకుండా వదిలేయండి.

ముందుగా ఒక శుభవార్త. ఈ దేశపు గాలిని కాపాడే బాధ్యతను మా మామ్మకు అప్పగించారు!

నవ్వకండి. కాగితాలున్నాయి.

కొందరు చదువుకున్నవాళ్లు టీవీల్లో కూర్చుని బాధపడుతుంటారు. గాలి ఎంత శుభ్రంగా ఉండాలో ఢిల్లీలో నిర్ణయించి, అమలు చేసే పని రాష్ట్రాలకు వదిలేస్తే ఎలా అంటారు. నాకు వాళ్లను చూస్తే జాలేస్తుంది. ఢిల్లీ వాళ్లకు తమ గాలి చూసుకోవడానికే తీరిక లేదు. మా నెత్తళ్ల మీద ఏం పడుతోందో వాళ్లకేం తెలుస్తుంది? అధికారం కిందికి రావాలి. ఇంకా కిందికి రావాలి. నేల తగిలేదాకా రావాలి!

మా ఊళ్లో తగిలింది.

ఎలా దిగిందో చెబుతాను. ఘనపు మీటరు గాలిలో దుమ్ము వంద మైక్రోగ్రాములు దాటకూడదని ఢిల్లీలో ఒక అంకె వేశారు. వేసి, అమలు సంగతి చూడమని రాష్ట్రానికి రాశారు. రాష్ట్రం వారు పైన ఒక ఉత్తరం కుట్టి, 'తగు చర్య నిమిత్తం' అని జిల్లాకు పంపారు. జిల్లా వారు మండలానికి, మండలం వారు మా పంచాయతీకి. ప్రతి మెట్టు దగ్గరా కాగితాలు పెరిగాయి, మనుషులు తగ్గారు. బయల్దేరినప్పుడు ఆ అంకె వెనక ఒక భవనం నిండా శాస్త్రవేత్తలున్నారు. రాష్ట్రంలో కొందరు ఇంజినీర్లున్నారు. జిల్లాకు వచ్చేసరికి ఒక ఇంజినీరు, ఒక జీపు. జీపులో డీజిలు లేదు. మండలంలో ఒక రిజిస్టరు ఉంది. మా పంచాయతీలో సెక్రటరీ గణపతిరావు గారున్నారు. ఆయన చేతిలో అప్పటికే వీధి దీపాలు, కుళాయిలు, కుక్కలు, పింఛన్లు ఉన్నాయి. గాలిని పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

అందుకని మా మామ్మకు ఇచ్చారు.

మా మామ్మ పేరు గున్నమ్మ. కళింగపట్నం దాటి తీరం వెంట కొంత దూరం వస్తే మా ఊరు. ఊరికీ సముద్రానికీ మధ్యనున్న ఇసుక మీద మామ్మ యాభై ఏళ్లుగా చేపలు ఎండబెడుతోంది. వానాకాలంలో తుఫాను షెల్టరు డాబా మీద ఎండబెడుతుంది కాబట్టి, షెల్టరు తాళంచెవి మా ఇంట్లో మేకుకు ఉంటుంది. గాలి కొలిచే మీటరును పెట్టడానికి ఆ డాబా అనువుగా కనిపించింది. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగారు. అంతే, ఎంపిక పూర్తయింది. ఇంత పారదర్శకంగా ఏ ఉద్యోగమైనా ఇచ్చారా చెప్పండి?

ఇక మా ఊరి పక్కనున్న కంపెనీ గురించి రెండు మంచి మాటలు చెప్పాలి. ఊరికి పడమట దాని పొగగొట్టం ఉంది. అది పక్షపాతం ఎరగదు. సాయంత్రం నుంచి మర్నాడు పొద్దెక్కేదాకా నేల మీంచి గాలి వీస్తుంది, బూడిద మా ఇసుక మీద పడుతుంది. పదిన్నరకు గాలి తిరిగి సముద్రం వైపు నుంచి వస్తుంది, బూడిద వరిచేల వాళ్లకు పోతుంది. చేపలవాళ్లకు ఒక పూట, రైతులకు ఒక పూట! ఇంత సమానంగా మాకు ఇంతవరకూ ఎవరు ఏం పంచారు? పైగా బూడిద వల్ల లాభాలెన్నో. మా వీధిలో పసిపిల్లలకు విడిగా దిష్టిచుక్క పెట్టక్కర్లేదు. వాకిట్లో కాసేపు పడుకోబెడితే చాలు, అదే పడుతుంది.

కంపెనీ పొగను చూసుకునే బాధ్యత కూడా కంపెనీకే అప్పగించారు. అది ప్రతి నెలా తనను తాను గట్టిగా నిలదీసి, తనకు తానే సంతృప్తికరమైన జవాబు చెప్పుకుంటోంది. ఈ పద్ధతి అన్నిచోట్లా రావాలని నా కోరిక. ఆసుపత్రిలో జ్వరాన్ని రోగికి అప్పగించాలి. బస్సు బ్రేకును వెనక సీటు వాళ్లకు అప్పగించాలి. పరీక్ష పేపర్లు రాసినవాళ్లే దిద్దుకోవాలి. అప్పుడు చూడండి ఫలితాలు!

చేపల వ్యాపారి కొండబాబు మాత్రం ఈ లాభాలేవీ గుర్తించడు. వారానికోసారి ఆటో వేసుకొచ్చి గంపలో చెయ్యి పెట్టి, ఆ చెయ్యి మామ్మకు చూపిస్తాడు.

"ఇయి నెత్తళ్లా, బొగ్గులా మామ్మా?"

"బొగ్గులైతే నీకెందుకిత్తానురా, పొయ్యిలో ఎట్టుకోనా!"

"నవ్వుకో మామ్మా, నవ్వుకో. ఇంకోపాలి ఇలాగే ఉంటే ఈ వీధికి ఆటో తిప్పను."

అందుకే మామ్మ ఒక పద్ధతి పెట్టుకుంది. సాయంత్రం గాలి మారగానే చేపల మీద పాత చీరలు కప్పేస్తుంది. మర్నాడు పదిన్నరకు గాలి తిరిగాక తీసేస్తుంది. తీసిన ప్రతి గుడ్డనూ దులిపి మడత పెడుతుంది. ఆవిడ చేతికి ఏది వచ్చినా ముందు దులపాల్సిందే. ఒకసారి నా పుస్తకాన్ని కూడా దులిపింది.

ఇప్పుడు మీటరు వచ్చిన రోజు సంగతి. బిగించడానికి వినోద్ అనే అబ్బాయి వచ్చాడు. బిగించాక మామ్మను పిలిచి చూపించాడు.

"ఇదేటి సేస్తాదిరా?" అని అడిగింది మామ్మ.

"మీ ఊరి తరఫున మాటాడతాది మామ్మా. పొగ గురించి నువ్వు సెప్తే ఎవులూ ఇనరు. ఇది సెప్తే ఇంటారు. సానా కరీదు. పిట్టలు వాలకుండా, దుమ్ము కొట్టుకోకుండా సూసుకో. పాడైపోయిందంటే నా ఉజ్జోగం పోతాది."

"నీ ఉజ్జోగానికి నేనున్నాన్లే పో," అంది మామ్మ.

నెల తిరిగింది. గణపతిరావు గారు ఫోన్లో మా ఊరి అంకె చూసి, నమ్మలేక కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. అద్దాల మీద బూడిద ఉంది. మళ్లీ పెట్టుకుని చూశారు. పద్దెనిమిది! వందదాకా ఉండొచ్చన్న చోట పద్దెనిమిది! ఢిల్లీ వాళ్లు కలలో కూడా పీల్చని గాలి!

గ్రామసభ పెట్టి మామ్మకు సన్మానం చేశారు. కంపెనీ వారే శాలువా తెచ్చారు, తెల్లటిది, జరీ అంచుది.

"గున్నమ్మా, అంతా నీ సేతి సలవ! అరకులో కూడా ఇంత మంచి గాలి లేదట," అన్నారు గణపతిరావు గారు మైకులో.

"గాలి అంత బాగుంటే నా నెత్తళ్లు ఎందుకు నల్లగున్నాయి బాబూ?" అంది మామ్మ, మైకు లేకుండానే.

"మీటరు తప్పు సెప్పదు గున్నమ్మా. మీటరుకి సర్టిఫికెట్టుంది. నీ నెత్తళ్లకి ఉందేటి?"

సభంతా నవ్వింది. మామ్మ శాలువా మడిచి చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చింది. ఆ తర్వాత నెలలో అంకె తొమ్మిదికి దిగింది.

మొన్న పంచాయతీ గోడకు నోటీసు అంటించారు. మా ఊరి గాలి మీటరు ప్రకారం అతి శుభ్రంగా ఉన్నందున, కంపెనీ రెండో పొగగొట్టం కట్టుకోవడానికి అభ్యంతరం కనిపించడం లేదట. ఎక్కడ కడతారు? ఇసుకకు దక్షిణాన, పదిన్నర తర్వాత సముద్రం గాలి వచ్చే వైపు. అంటే ఇకనుంచి రెండు పూటలా బూడిద మాదే. చీర తీసే వేళంటూ ఉండదు. చీర కిందే చేపలు ఎండుతాయా? కొండబాబు ఆటో తిరుగుతుందా? ఇవి మీటరు పరిధిలోని ప్రశ్నలు కావు.

దీని మీద రేపు సమావేశం. ఆఫీసర్లు ఎప్పుడూ మధ్యాహ్నం వస్తారు. రేపు మాత్రం మధ్యాహ్నం వేరే ఊళ్లో పనుందని పొద్దున్నే ఎనిమిదింటికి వస్తున్నారు. ఆ వేళకు మీటరు చూపే అంకెను అందరి ముందూ తెర మీద వేసి చూపిస్తారట.

నిన్న పొద్దున్న ఆరింటికి, మామ్మకు మోకాలు నొప్పిగా ఉందని, షెల్టరు డాబా మీదున్న ఖాళీ గంపలు తేవడానికి నేను ఎక్కాను. మీటరు వచ్చాక అక్కడికి నేను వెళ్లడం అదే మొదటిసారి.

మీటరు కనబడలేదు. దాని చోట ఒక మూట ఉంది. లోపల మామ్మ పాత గళ్ల చీర, నాలుగు మడతలు. దాని మీద సన్మానం శాలువా. చుట్టూ వలతాడుతో గట్టి ముడి.

నాకు అంతా అర్థమైంది. చేపలకు ఏ మర్యాద చేస్తుందో మీటరుకూ అదే చేసింది మామ్మ. బూడిద పడే వేళంతా కప్పి ఉంచి, గాలి శుభ్రపడ్డాక తీస్తోంది. దుమ్ము కొట్టుకోకుండా చూసుకోమన్నారు, చూసుకుంది. నిజం చెప్పాలంటే ఢిల్లీ నుంచి మా ఊరిదాకా ఇన్ని ఆఫీసుల్లో, చెప్పిన పనిని చెప్పినట్టు చేసిన మనిషి ఆవిడ ఒక్కతే. ఇక ఆ మీటరు కూడా, సన్మానం అందుకున్న ఏ పెద్దమనిషిలాగానో, శాలువా కప్పుకుని నోరు మెదపకుండా నిలబడి ఉంది.

కాబట్టి పాఠకులారా, ఈ అప్పగింతలు బ్రహ్మాండంగా జరుగుతున్నాయని మనవి చేస్తున్నాను. నాకున్నది ఒక్క చిన్న సందేహం. ఢిల్లీ నుంచి మెట్టు మెట్టుకూ దిగి మా మామ్మ దాకా వచ్చింది కాపలా పనే. పొగగొట్టం వద్దు అనగలిగే సంతకం ఏ మెట్టు మీద ఆగిపోయింది? తాళంచెవి చూసి మీటరు అప్పగించినవాళ్లు, అది ఎలా గాలి పీలుస్తుందో ఒక్క మాట చెప్పి ఇస్తే ఏం పోయేది? మూడు నెలల్లో ఒక్కరు, ఒక్కసారి, ఒక్క పొద్దుటి పూట ఆ డాబా ఎక్కి ఉంటే?

ఇంతవరకు రాసి, పక్కనే కూర్చుని గుడ్డలు దులుపుతున్న మామ్మకు చదివి వినిపించాను. నిన్నటి నుంచి నోటితో చెప్పలేకపోయాను. రాసింది చదవడం కొంచెం తేలిక.

దిష్టిచుక్క దగ్గర మామ్మ పడీ పడీ నవ్వింది. కొండబాబు దగ్గర "ఆడి మొకం" అంది. మూట దగ్గరికి వచ్చేసరికి నవ్వడం ఆపింది.

"మళ్లీ సదువు."

చదివాను.

"అది గాలి పీల్సుకుంటాదేటే?"

"అవును మామ్మా. పీల్సిందే సెప్తాది."

"మరి నేను దాని ముక్కు మూసీసినానా?"

మామ్మ నెత్తళ్ల వంక చూసింది.

"రేపు ఎనిమిదింటికేనా?"

"ఎనిమిదింటికే."

బయట గాలి మారుతోంది. రోజూ ఈ వేళకు మామ్మ మేకుకున్న తాళంచెవి తీసుకుని, "డాబా కాడికెళ్లొస్తానే" అని కేకేసి వెళ్తుంది. ఎందుకో నాకు నిన్ననే తెలిసింది. శాలువా మాత్రం ఇవాళ ఇంట్లోనే ఉంది. మాసిందని ఉతకడానికి పదిన్నరకు తెచ్చి వాకిట్లో పెట్టింది. జరీ అంచు ఎక్కడుందో వెతుక్కోవాలి. మిగతాదంతా నలుపు.

మామ్మ లేచి శాలువాను రెండు చేతులా పట్టుకుంది. దులపలేదు. బూడిద రాలిపోకుండా లోపలికి మడిచింది, మళ్లీ మడిచింది, పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీదా పెట్టుకుంది. తాళంచెవి మేకుకే ఉంది. గణపతిరావు గారి ఇల్లు వీధి చివరే. మామ్మ నా వైపు చూడకుండా గడప దాటి అటు వెళ్లిపోయింది.