ల్యాప్‌టాప్ సందులో వాలుకుర్చీ

రాయదుర్గంలో కంప్యూటర్లు బాగుచేసే అస్లాం పేరెత్తితే హనుమంతరాయుడికి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. సుఖంగా కూర్చున్నవాణ్ణి లేపి చంకన బిందె పెట్టినవాడు ఆ మహానుభావుడే.

రాయుడు పెళ్లి వీడియోలు తీసేవాడు. పాత ల్యాప్‌టాప్‌లోంచి ఒక్క పెళ్లి బయటి హార్డ్‌డిస్కులోకి ఎక్కాలంటే పూటంతా పట్టేది. ఆ నత్తనడకే అతడికి పెద్ద దిక్కు. వీధిలో నీళ్ల ట్యాంకరు హారను వినబడగానే డిస్కు మీద చెయ్యి వేసి కూర్చునేవాడు.

“కాపీ అయితాండాది. నేను లేస్తే పెండ్లి తెగిపోతాది.”

“ఎవురి పెండ్లి?” అని మాత్రం అడిగి, అతడి భార్య తిరుపాలమ్మ బిందెలెత్తుకుని పోయేది.

కూర్చుని కూర్చుని నడుము పట్టేసింది. రాయుడు ఒక వాలుకుర్చీ బేరమాడి, దానికోసం రహస్యంగా దుడ్లు కూడబెట్టాడు. ఆమె చెయ్యి పడని చోటు ఇంట్లో ఎక్కడుంది? చివరికి ల్యాప్‌టాప్ పక్కన, అదనపు కార్డు దూర్చుకోవడానికి వదిలి ప్లాస్టిక్ ముక్కతో మూసిన ఒక సందు కనబడింది. నోట్లు మడిచి అందులోకి తోసి, ముక్క మళ్లీ బిగించాడు. అంతటితో ఊరుకున్నాడా? ఆ సందు ముట్టుకుంటే కరెంటు గుంజుతుందని భార్యను బెదిరించాడు కూడా.

తాడిపత్రిలో ఒక పెళ్లి తీసి ఇంటికొచ్చేసరికి ఆ సందులో కొత్త కార్డు మెరుస్తోంది. తిరుపాలమ్మ హార్డ్‌డిస్కు తీగను ఆ కార్డుకు తగిలించింది. అతడు చెప్పులు విడిచి, ముఖం కడుక్కుని వచ్చేలోపు పాత పెళ్లి ఒకటి, అప్పగింతలతో సహా, డిస్కులోకి ఎక్కేసింది. భార్య మీద అతడికి గౌరవం పొంగుకొచ్చింది. నోట్లు గుర్తుకొచ్చి అంతే వేగంగా దిగిపోయింది.

“ఎవురు చెప్పినారే నీకు?”

“అస్లామన్న. మా ఆయన కాపీకి కూర్చుంటే లేయలేకుండాడు, మందేమన్నా ఉండాదా అని అడిగినా. కరెంటు గుంజుతాదంటివి గదా, ఆయప్ప చేతనే ముక్క పీకించినా.”

“మరి... దుడ్లు?”

“ఆ సందులోనే ఉండినాయి. నువ్వేమన్నా పెట్టినావా?”

అవునంటే వాలుకుర్చీ కథంతా చెప్పాలి. “నేనెందుకు పెడతా?”

“నేనూ అదే అన్నా. నా మొగుడు నా కాడ దాస్తాడా అని. కార్డుకు పోను మిగిలిన వాటితో నీకే తెచ్చినా.”

అతడి ముందు రెండు కొత్త బిందెలు పెట్టింది. బయట ట్యాంకరు హారను మోగింది.

రాయుడు గడప దాటుతూ వెనక్కి చూశాడు. తిరుపాలమ్మ డిస్కు మీద చెయ్యి వేసి, గోడకు చేరగిలి కూర్చుంది.

“ఇంకోటి ఎక్కిస్తాండా. నేను లేస్తే తెగిపోతాది.”

ఇలాంటి బుర్రను గెలవాలంటే తనకు ఇంకో జన్మ కావాలనుకుంటూ రాయుడు వరసలో నిలబడ్డాడు. ఆ సందులో అతడు పోగొట్టుకున్నది అక్షరాలా పద్దెనిమిది వందల యాభై రూపాయలు.