రెండు చేతులూ ఊపితే

ఆదివారం ఉదయం ఏడింటికే డెన్జిల్ బూట్లు కట్టుకుని గుమ్మంలో సిద్ధంగా నిలబడ్డాడు. పోర్త్‌కెరా రేవు నుంచి ట్రెవెన్నిక్ దాకా కొండ అంచు వెంట ఆరు మైళ్ల నడక. భార్య మార్వెన్నా దారిలో తినడానికి పాస్టీలు, మాంసం కూరి కాల్చిన పెద్ద కజ్జికాయల్లాంటివి, కట్టింది. పదేళ్ల కూతురు టామ్సిన్ సంచికి ఈల వేలాడదీసుకుంది. అందరికన్నా ముందు చేతికర్రతో వీధిలోకి దిగింది మాత్రం అత్తగారు లవ్‌డే. ఆవిడకు డెబ్బై రెండేళ్లు, తుంటి కీలు మార్చి ఏడు నెలలైంది. ఆ కొండ అంచున ఆడుకుంటూ పెరిగిన మనిషి, ఆపరేషన్ తరవాత ఒక్కసారీ అటు వెళ్లలేదు. తను ఇక నడవగలదో లేదో ఇవాళ తేలిపోవాలని, మధ్యలో ఎవరూ జాలి చూపించకూడదని ముందే చెప్పేసింది.

డెన్జిల్ సముద్రానికి దూరంగా పొలాల మధ్య ఊళ్లో పుట్టినవాడు. అత్తగారి ముందు పడవల గురించి నోరెత్తిన ప్రతిసారీ ఏదో ఒక తప్పు మాట్లాడేవాడు. ఇవాళ పటం చేతిలో పట్టుకుని దారి తీస్తున్నది తనే కనుక ఛాతీ కాస్త వెడల్పయింది. ఎండ కాస్తోంది. కింద నీళ్లలో సీల్ జంతువులు తలలెత్తి చూస్తున్నాయి. నాలుగు మైళ్లు పాటలతోనే గడిచిపోయాయి. లవ్‌డే ఎక్కడా ఆగలేదు.

మధ్యాహ్నం ఒక బండ దగ్గర కూర్చుని మూట విప్పారు. డెన్జిల్ మొదటి ముక్క కొరికేలోపు ఒక సముద్రపు కాకి వచ్చి అతని పాస్టీని మొత్తంగా ఎత్తుకుపోయింది. అతను అంచు దాకా పరిగెత్తి, రెండు చేతులూ పైకెత్తి దించుతూ దాన్ని అదిలించాడు. అది ఎదురు రాతి మీద వాలి తాపీగా తింటోంది. అతను ఇంకా గట్టిగా ఊపాడు.

కింద వెళుతున్న చేపల పడవ ఆగింది. రెండు చేతులూ అలా ఎత్తి దించితే ఆ తీరంలో ‘మమ్మల్ని కాపాడండి’ అని అర్థం. ఆ సంగతి తెలిసిన లవ్‌డే అప్పుడు బండకు అవతల, ఇటు వీపు పెట్టి, బూటులోని రాయి తీసుకుంటోంది. పడవవాళ్లు పలకరిస్తున్నారనుకుని డెన్జిల్ మర్యాదగా మళ్లీ ఊపాడు. పడవ హారన్ మోగింది. టామ్సిన్ సంబరపడి ఈల ఊదింది. ఇంకో పక్షి రాకుండా మార్వెన్నా నారింజరంగు దుప్పటి దులిపింది.

ఇరవై నిమిషాల్లో హెలికాప్టర్ వచ్చింది.

ఎవరో కొండ మీంచి పడిపోయారనుకుని ఇంటిల్లిపాదీ ఆదుర్దాపడ్డారు. డెన్జిల్ మెడ సాచి అంచంతా వెతికాడు. హెలికాప్టర్‌కు సాయంగా ఉంటుందని మళ్లీ చేతులు ఊపాడు; లవ్‌డే ఇంకా బండ అవతలే ఉంది. అది వచ్చి సరిగ్గా వాళ్ల నెత్తినే నిలబడింది. దారిన పోయేవాళ్లు గుమిగూడారు. ఒకరు పడ్డారన్న మాట గుంపు చివరికి చేరేసరికి ముగ్గురు పడ్డారయింది. ఇంతలో తాళ్లు, స్ట్రెచర్ మోసుకుంటూ తీర రక్షక దళం వలంటీర్లు ఎనిమిది మంది రొప్పుతూ వచ్చారు. వాళ్ల నాయకురాలు కెరెంజా, దెబ్బ తగిలిందెవరికని అడిగింది.

"మేమూ వాళ్లకోసమే వెతుకుతున్నామండీ," అన్నాడు డెన్జిల్.

అందరి కళ్లూ ఒక బూటు విప్పి, పాదం రుద్దుకుంటున్న లవ్‌డే మీద పడ్డాయి. క్షణంలో ఆవిడ భుజాల మీద కంబళి, మణికట్టు మీద ఎవరివో వేళ్లు.

"కదలకండి పెద్దమ్మా."

"కదలడానికే వచ్చాను నాయనా," అని ఆవిడ కంబళి మడిచి ఇచ్చేసింది. అసలు మిమ్మల్ని పిలిచిందెవరని ఆరా తీసింది. కొండ మీద ఒక మనిషి అదేపనిగా రెండు చేతులూ ఎత్తి దించుతున్నాడని పడవవాళ్లు చెప్పారంది కెరెంజా.

లవ్‌డే అల్లుడి వైపు తిరిగింది. "ఎందుకు ఊపావు?"

"పాస్టీ పోయింది అత్తయ్యా."

పైన హెలికాప్టర్ తిరిగి వెళ్లిపోయింది. కెరెంజా కోప్పడలేదు. సాయం కోసం కాకపోతే ఎలా ఊపకూడదో తెలియాలి, ఎలా ఊపారో చూపించమంది. తప్పు దిద్దుకునే తొందరలో డెన్జిల్ చేతులెత్తి, రెండడుగులు వెనక్కి వేసి, కుందేలు బొరియలో కాలు పెట్టాడు. చీలమండ పటుక్కుమంది.

తెచ్చిన స్ట్రెచర్ ఊరికే పోలేదు. వలంటీర్ల వ్యాన్ ట్రెవెన్నిక్‌లో ఉంది, ఇంకా రెండు మైళ్లు. నొప్పికన్నా సిగ్గు ఎక్కువై అతను ముఖం కంబళిలో దాచుకున్నాడు. లవ్‌డే వంగి ఆ కంబళి కాస్త కిందికి లాగింది.

"ఎవరో పడ్డారనగానే వెతకడానికి లేచావు చూడు, అది నాకు నచ్చింది," అంది. "చేతులు మాత్రం లోపల పెట్టుకో."

పెళ్లయిన పన్నెండేళ్లలో ఆవిడ నోట అతను విన్న మొదటి మెప్పు అది. చీలమండ బూరెలా ఉబ్బుతున్నా నవ్వొచ్చింది.

ఎనిమిది మందీ వంతులవారీగా మోస్తూ బయల్దేరారు. ఆఖరి ఎక్కుడులో ఊపిరి తీసుకోవడానికి ఆగితే, వెనకనించి కర్ర చప్పుడు దగ్గరైంది. మనవరాలిని వెంటేసుకుని లవ్‌డే వచ్చి వాళ్ల వెనక నిలబడింది. అక్కడ దారి మరీ ఇరుకు.

"మీరు నెమ్మదిగా రండి నాయనా, తొందరేం లేదు," అందావిడ.

వాళ్లు స్ట్రెచర్‌ను ముళ్లపొదల్లోకి జరిపి దారిచ్చారు.